"అద్దె లేని లండన్ ఇల్లు" అంటూ పడవను చూపిస్తున్న తెలుగు వ్లాగర్లకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లో ఉంటూ తెలుగులో వీడియోలు చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

లండన్ కాలువల మీద పడవ ఇళ్ల గురించి మీరు పెట్టే వీడియోలు మావాళ్లు నాకు ఒకదాని తర్వాత ఒకటి పంపిస్తుంటారు. "అక్కా, మీ పడవ కూడా ఇలాంటిదేనా?" అని అడుగుతారు. ఇలాంటిదే. లండన్‌లోనే కాలువలు కలిసే లిటిల్ వెనిస్‌లో ఎండ కాసిన రోజు తీసిన షాట్లు, కిటికీలోంచి కనిపించే బాతులు, పొయ్యి పక్కన పడుకున్న కుక్క, ఏదీ అబద్ధం కాదు. నా గొడవంతా థంబ్‌నెయిల్‌తోనే. "లండన్‌లో అద్దె లేకుండా బతకొచ్చు" అని పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. అది చూసి, స్టూడెంట్ వీసా మీద వచ్చి ఒక గదిలో నలుగురు సర్దుకుంటున్న పిల్లలు పడవల రేట్లు కనుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్లలో కొందరు నాకు ఫోన్ చేస్తారు. వాళ్లకి విడివిడిగా చెప్పేది మీకు ఒకేసారి చెబుదామని ఈ ఉత్తరం.

పడవ మీద బతకొద్దని రాయట్లేదు. నేనూ మా ఆయనా ఉండేది నారోబోట్‌లోనే, అంటే కాలువల కోసం సన్నగా పొడుగ్గా కట్టిన పడవలోనే. లోపల ఏమీ లేని పాత ఇనప పడవను కొని, తుప్పు గీకి, చెక్క కొట్టి, వైర్లు లాగి ఇల్లు చేసుకున్నాం. తిరిగి ఫ్లాట్‌కి వెళ్లాలని ఇద్దరికీ లేదు. కానీ అద్దె మిగులుతుందన్న ఒక్క కారణంతో ఎక్కేవాళ్లకి ఇది సరిపడదు. ఇంటి ఓనరు చేయించే పని, మునిసిపాలిటీ చేసే పని, కరెంటు ఆఫీసు చేసే పని, అన్నీ ఇక్కడ మన నెత్తినే ఉంటాయి.

అద్దె తప్పించుకోవడానికి కాలువ ఎక్కడం ఇప్పుడు పుట్టిన తెలివేం కాదు. 18వ శతాబ్దంలో బొగ్గూ సరుకులూ మోయడానికి తవ్విన కాలువలివి. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ఇంగ్లండ్ మధ్య జిల్లాల్లో లాకుల (నీటిమట్టం మారేచోట పడవను ఎక్కించి దించే తలుపుల తొట్ల) వెడల్పు 7 అడుగులకు కాస్త అటూఇటూగా పెట్టించాడు. నీళ్లు తక్కువ పడతాయి, కట్టడానికి ఖర్చూ తక్కువ. అందుకే ఇప్పటికీ నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉండొచ్చు. గట్టు మీద నడిచే ఒక్క గుర్రం పాతిక టన్నుల బొగ్గున్న పడవను లాక్కెళ్లేది.

1840ల తర్వాత రైళ్లు పోటీకొచ్చి సరుకు కిరాయిలు పడిపోయాయి. వచ్చే కూలితో ఒడ్డున ఇల్లు నిలపడం కష్టమై చాలామంది పెళ్లాం పిల్లల్ని పడవలోకే తెచ్చుకున్నారు. ఇంటద్దె మిగిలింది, కూలి ఇవ్వక్కర్లేని పనివాళ్లూ దొరికారు. పడవ పొడుగంతా సరుకుకే పోగా, వెనకాల పదడుగుల కేబిన్. అందులోనే పొయ్యి, మడత మంచం, సంసారం. పిల్లలకి బడి ఉండేది కాదు. జార్జ్ స్మిత్ అనే ఆయన ఈ కేబిన్ల ఇరుకు గురించి ఊరుకోకుండా పోరాడాక, 1877లో పార్లమెంటు చట్టం తెచ్చింది. ఇల్లుగా వాడే ప్రతి కాలువ పడవనూ రిజిస్టర్ చేయించాలనీ, కేబిన్‌లో ఎంతమంది ఉండొచ్చో ముందే తేల్చాలనీ అందులో పెట్టారు. మీరు క్లోజప్‌లో చూపించే గులాబీలు, కోటల బొమ్మలు ఆ కేబిన్ల తలుపుల మీద వేసుకున్నవే. ఆ తలుపు వెనకాల ఎంతమంది పడుకునేవాళ్లో చెప్పడానికి వీడియోలో ఒక్క వాక్యం చాలు.

ఇప్పటి లెక్కకి వద్దాం. ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు 2,000 మైళ్ల కాలువలూ నదులూ 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూసుకుంటోంది. అక్కడ పడవ ఉంచాలంటే లైసెన్సు కావాలి. మామూలు సైజు పడవకి ఏడాదికి వెయ్యి పౌండ్ల పైమాటే. దానికి బీమా ఉండాలి, నాలుగేళ్లకోసారి చేయించే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఇక పడవ కట్టేసుకోవడానికి సొంత మూరింగ్ (గట్టున మన పడవకని తీసుకున్న చోటు) అయినా ఉండాలి, లేదా తిరుగుతూ అయినా ఉండాలి. మూరింగ్ తీసుకుంటే మళ్లీ అద్దే, పేరు మారిందంతే. లండన్‌లో అదేం తక్కువ కాదు. మీరు చెప్పే "అద్దె లేని" బతుకు ఆ రెండోది, తిరిగే బతుకు.

అది 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. పడవను నిజంగా ప్రయాణానికే వాడాలి, ఒకచోట 14 రోజులకు మించి ఆపకూడదు. ఆసుపత్రి, ఇంజిన్ రిపేరు, కాలువ గడ్డకట్టడం లాంటి సబబైన కారణం ఉంటే గడువు అడగొచ్చు. కదిలితే ఆఫీసు దూరమవుతుందన్నది కారణం కాదు. తూర్పు లండన్‌లోని హాక్నీలో రెండు వారాలుండి, రెండు వంతెనలు దాటి, మళ్లీ వెనక్కి వచ్చి కట్టుకుంటే దాన్ని ప్రయాణం అనరు. లండన్‌కి పడమరనున్న స్లౌ ఊళ్లో ఉద్యోగం ఉన్నవాళ్లు స్లౌ ఆర్మ్‌లో కట్టేసుకుని కూర్చోవచ్చు అనుకుంటారు. అది అయిదు మైళ్ల పాయ, చివర దారి లేదు, ముందుకు సాగే ప్రయాణం అక్కడ కుదరదు. ఎన్ని మైళ్లు కదలాలో చట్టంలో రాయలేదు కాబట్టి ఆ వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. కానీ లైసెన్సు పోతే 1983 చట్టం కింద పడవనే తొలగించే అధికారం ట్రస్ట్‌కి ఉంది. ఒడ్డున అద్దె కట్టకపోతే ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఇక్కడ ఇంటినే పట్టుకెళ్తారు. 2024 ఏప్రిల్ నుంచి ఇలా తిరిగే పడవలకు లైసెన్సు మీద అదనపు రుసుము కూడా పెట్టారు. 5 శాతంతో మొదలై 2028కి 25 శాతానికి పెంచుతామన్నారు. నాకది న్యాయంగా అనిపించదు. దాని గురించి వేరే ఉత్తరం రాయాలి, వేరేవాళ్లకి.

పడవ కొనడం గురించి మీరు చెప్పేది ఇంకా ప్రమాదంగా ఉంది. కిటికీలు, రంగు, సోఫా చూసి రేటు చెప్పేస్తున్నారు. పడవ ధరంతా నీళ్ల కింద ఉంటుంది. పోయిన చలికాలం ఒక కుర్రాడు బయానా ఇచ్చేశాక నాకు ఫోన్ చేశాడు. అమ్మేవాడు "పడవ గట్టిది, సర్వే డబ్బులు దండగ" అన్నాడట. పట్టుబట్టి సర్వే చేయించాం. పడవను నీళ్లలోంచి పైకి తీసి, సర్వేయరు సుత్తితో కొట్టుకుంటూ, అల్ట్రాసౌండ్ మీటరుతో అడుగడుక్కీ రేకు మందం చూశాడు. మామూలుగా కొత్త పడవకి అడుగు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన కేబిన్ 4 ఉంటాయి. ఆ కుర్రాడు ఇష్టపడ్డ పడవకి నీటిమట్టం దగ్గర మూడు కూడా లేదు. సాధారణంగా నాలుగుకు తగ్గితే బీమా కంపెనీలు మొహం తిప్పుకుంటాయి. బీమా లేకపోతే లైసెన్సు లేదు. తగ్గిన చోట పైన కొత్త రేకు వెల్డింగ్ చేయించొచ్చు, దానికయ్యే ఖర్చుతో ఆ అబ్బాయి ఏడాది అద్దె కట్టుకోవచ్చు. బయానా వదిలేసుకుని బయటపడ్డాడు. సర్వే చేయించకుండా కొన్నవాళ్లు కూడా నాకు తెలుసు. వాళ్ల పడవలు ఇంకా అమ్మకానికే ఉన్నాయి.

కొన్నాక కూడా ఆ అడుగుని వదిలేయడానికి లేదు. రెండు మూడేళ్లకోసారి పడవను పైకి తీసి, నాచు కడిగి, తారు రంగు కొట్టాలి. పక్కలకి మెగ్నీషియం కడ్డీలు వెల్డ్ చేసి ఉంటాయి. పడవ ఇనుముకి బదులు అవి కరుగుతాయి. అరిగిపోతే మార్చాలి. మెరీనాలో (పడవలు నిలిపే రేవులో) కరెంటు ప్లగ్ పెట్టుకున్నవాళ్లకి ఇంకో చిక్కుంది. ఎర్త్ వైరు ద్వారా పక్క పడవలతో కలిసి మన పడవ ఇనుము మామూలుకన్నా తొందరగా కరిగిపోవచ్చు. దానికి గాల్వానిక్ ఐసొలేటర్ అని చిన్న పరికరం పెట్టాలి. ఇదంతా వీడియోకి బోరు కొడుతుందని నాకు తెలుసు.

ఇల్లుగా మార్చడం దగ్గరికొస్తే, మీ టైమ్‌లాప్స్‌లో ఖాళీ పడవ రెండు నిమిషాల్లో హోటల్ గది అవుతుంది. ముందు ప్లైవుడ్ కనిపిస్తుంది, తర్వాత దిండ్లు కనిపిస్తాయి. నిజానికి ప్లైవుడ్ దాకా రావడమే పని. మొదట లోపలి తుప్పంతా గీకి ప్రైమర్ కొట్టాలి. ఆ తర్వాత ఇన్సులేషన్. చలికాలం బయట ఇనుము చల్లగా, లోపల గాలి వెచ్చగా ఉంటుంది. మనమేమో అన్నం వండుతాం, పప్పు ఉడకబెడతాం, స్నానం చేస్తాం. ఆ ఆవిరంతా ఇనుముకి తగిలి నీళ్లవుతుంది. ఫ్లాట్‌లో కిటికీ అద్దం మీద కనిపించేది ఇక్కడ గోడ చెక్క వెనకాల కనపడకుండా కారి, నేల కింద చేరి, పడవను లోపలి నుంచి తినేస్తుంది. స్ప్రే ఫోమ్ కొట్టిస్తే ఇనుముకి అంటుకుపోయి ఆవిరికి సందివ్వదు. థర్మోకోల్ పలకలు చవక. కానీ వాటికి పీవీసీ వైర్లు ఆనుకుని ఉంటే వైరు తొడుగు పెళుసుబారిపోతుంది. తొడుగుని మెత్తగా ఉంచే రసాయనం థర్మోకోల్‌లోకి పోతుంది. పాత పడవలో చెక్కలు ఊడదీస్తే ఇది కళ్లతో చూడొచ్చు. అందుకే మేం వైర్లన్నీ పైపుల్లోంచి లాగి, ఏ పైపులో ఏముందో ఫోటోలు తీసుకుని, అప్పుడు ప్లైవుడ్ మూశాం.

నేల కింద బరువు సంగతి మీలో ఎవరూ ఎత్తలేదు. పడవ నీళ్లలో సరైన లోతుకి కూర్చోవాలంటే నేల చెక్క కింద పేవింగ్ రాళ్లో ఇటుకలో పేర్చాలి. లోపల ఏది ఎక్కడ పెట్టినా ఆ లెక్క మారుతుంది. వంటగట్టు, ఫ్రిజ్, పుస్తకాల అర అన్నీ ఒకే పక్కన కడితే పడవ ఆ పక్కకి ఒరుగుతుంది. అప్పుడు ఆ పక్క ఇటుకలు తీసి ఈ పక్క పెట్టాలి. కాబట్టి నేలంతా మేకులు కొట్టి మూసేయకూడదు. మా ఆయన మొదటి రోజు గర్వంగా మట్టపు కర్ర తెచ్చాడు. నీళ్ల మీద ఆ బుడగ ఎక్కడ ఆగుతుంది? అరలన్నీ నేలని బట్టి, మూలమట్టం పెట్టుకుని కట్టాడు. కేబిన్ పక్కలు కూడా పైకి పోను లోపలికి వాలి ఉంటాయి. రెడీమేడ్ కప్‌బోర్డు ఏదీ నిటారుగా ఆనదు. లోపల వెడల్పు ఆరడుగులు. ఫర్నిచర్ షాపులో ముచ్చటపడ్డ ప్రతిదాన్నీ ముందు తలుపు దగ్గర కొలవాలి.

ప్రాణాల మీదికొచ్చేది ఒకటుంది. ఇండియాలో గ్యాస్ సిలిండర్ పొయ్యి కిందే ఉంటుంది. పడవలో అలా పెట్టకూడదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. ఇంట్లో లీకైతే గుమ్మం కింద నుంచి ఎంతో కొంత పోతుంది, పడవకి అడుగున సందు ఉండదు కాబట్టి అక్కడే నిండుతుంది. అందుకే సిలిండర్లను విడి పెట్టెలో, ఎక్కువగా పడవ ముందు భాగంలో పెడతారు. పెట్టె అడుగున నీటిమట్టానికి పైన బయటికి కన్నం ఉంటుంది. ఇక బొగ్గు పొయ్యి. చలికాలంలో అదే మా ప్రాణం, తేడా వస్తే ప్రాణం తీసేదీ అదే. పొగగొట్టం మూసుకుపోయినా, గాలి కన్నాలు మూసేసినా కార్బన్ మోనాక్సైడ్ లోపలే ఉండిపోతుంది. దానికి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈ దేశంలో పడవల్లో అలా పోయినవాళ్లున్నారు. 2019 ఏప్రిల్ నుంచి సేఫ్టీ పరీక్షలో దాని అలారం తప్పనిసరి చేశారు. మీ వీడియోల్లో ఒకదాంట్లో "చలిగాలి రాకుండా చిట్కా" అంటూ తలుపు కన్నాలకి గుడ్డలు కుక్కడం చూశాను. దయచేసి ఆ ముక్క ఈరోజే తీసేయండి. ఈ ఉత్తరంలో మిగతాదేదీ మీకు నచ్చకపోయినా సరే.

కరెంటు గురించి సరదాగానే చెప్పొచ్చు, ఎందుకంటే మన మిక్సీ అక్కడే దొరికిపోతుంది. పడవలో మామూలుగా 12 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. ఇంజిన్ తిప్పో, పైన సోలార్ పలకలతోనో వాటిని నింపాలి. 750 వాట్ల మిక్సీ ఇన్వర్టర్ మీద తిరిగితే బ్యాటరీ నుంచి 60 ఆంపియర్ల పైనే లాగుతుంది. కొబ్బరి పచ్చడికి పర్లేదు. ఇడ్లీ పిండికి గ్రైండర్ అరగంట తిప్పితే రాత్రికి లైట్ల సంగతి చూసుకోవాలి. డిసెంబరులో సోలార్ పేరుకే ఉంటుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా కట్టేసిన పడవలో ఇంజిన్ నడపకూడదని రూలు. నేను అన్నం గ్యాస్ మీద వార్చుకుంటాను, పిండి ఎండ కాసిన రోజు మధ్యాహ్నం రుబ్బుకుంటాను. అమ్మకి ఇది చెబితే "మన ఊళ్లో కరెంటు కోతల రోజులు గుర్తుచేస్తున్నావు" అంది.

లాకుల దగ్గర డ్రోన్ షాట్లు బాగా తీస్తున్నారు. మాది కోనసీమ. కాటన్ కాలువలు ఎరిగిన గోదావరి జిల్లాల వాళ్లకి లాకుల సంగతి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: కిందికి దిగే లాకులో పై తలుపు దగ్గర నీళ్ల కింద ఒక రాతి గట్టు ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. నీళ్లు దిగేటప్పుడు పడవ వెనక భాగం దాని మీద ఆగిందంటే ముందు భాగం నీళ్లతో పాటు కిందికి పోతుంది. నిమిషాల్లో పడవ మునుగుతుంది. గోడ మీద తెల్ల గీత పెట్టింది అందుకే, పడవ దానికి ముందే ఉండాలి. చుక్కాని పట్టుకున్నవాళ్లు ఆ సమయంలో కెమెరా వైపు చూసి నవ్వకూడదు.

విద్యార్థులకైతే వీటన్నిటికన్నా ముందు చిరునామా చిక్కు. వీసా మీద ఉన్నవాళ్లు ఎక్కడ ఉంటున్నారో యూనివర్సిటీకి తెలియాలి. రెండు వారాలకోసారి ఊరు మారేవాళ్లు ఏం రాస్తారు? ఉత్తరాలు రావడానికి స్నేహితుల ఇల్లో, డబ్బులిచ్చి తీసుకునే పోస్టల్ అడ్రసో కావాలి. బ్యాంకు ఖాతా దగ్గర, కారు బీమా దగ్గర ఇదే ప్రశ్న. డాక్టరు దగ్గర నమోదుకి చిరునామా రుజువు తప్పనిసరి కాదని ఎన్‌హెచ్‌ఎస్ నిబంధనలే చెబుతున్నాయి, రిసెప్షన్‌లో అది గుర్తుచేయాల్సి రావచ్చు. పడవకి మామూలు హోమ్ లోన్ రాదు. ఎంఎస్సీ ఒక్క ఏడాది. ఆ ఏడాది కోసం పడవ కొని, బాగు చేసి, చలికాలం గడిపి, మళ్లీ అమ్మి ఇండియాకి వెళ్లడం అంటే ఏ లెక్కలోనూ అద్దెకన్నా చవక కాదు. ఉద్యోగం స్థిరపడి, చేత్తో పని చేయడం ఇష్టమై, వారాంతాలు తుప్పుకీ రంగుకీ ఇచ్చేయడానికి బాధ లేనివాళ్లయితే, నేనే వచ్చి పడవ చూసిపెడతాను.

ముందు వారం రోజులు ఒక పడవ అద్దెకి తీసుకుని తిరిగి చూడమని మీ వీడియోల కింద రాయండి. అదీ ఫిబ్రవరిలో, వేసవిలో కాదు. థంబ్‌నెయిల్ మీద "అద్దె లేదు" తీసేసి లైసెన్సు, బీమా, డీజిలు, బొగ్గు, తారు రంగు, ఏడాదికి ఎంతైందో ఎవరైనా పడవవాళ్లని అడిగి వాళ్ల లెక్కే పెట్టండి. మేం దాచుకోం.

నా పడవలో వీడియో తీసుకుంటానంటే అభ్యంతరం లేదు. ఎక్కడ ఉంటానో ఇప్పుడే చెప్పలేను, ముందు రోజు మెసేజ్ పెడితే పోస్ట్‌కోడ్ పంపిస్తాను. జారని బూట్లు వేసుకురండి. టాయిలెట్ గురించి ఇందాకటి నుంచి ఎత్తలేదు, మీరు వచ్చినప్పుడే చూపిద్దామని. మాది కాసెట్ టాయిలెట్. 20 లీటర్ల డబ్బా, ఇద్దరికి మూడు రోజుల్లో నిండుతుంది. దాన్ని ట్రాలీ మీద పెట్టుకుని గట్టు వెంట ఎల్సాన్ పాయింట్ దాకా తీసుకెళ్లి పారబోసి కడుక్కురావాలి. మీరు వచ్చేది ఆ రోజే అయ్యేలా చూస్తాను. కెమెరా నేను పట్టుకుంటాను, ట్రాలీ మీరు తోయండి.

ఇట్లు,
గ్రాండ్ యూనియన్ కాలువ మీది మీ కోనసీమ అక్క